నా ఎత్తు గుమ్మడికాయ

మొన్న హనుమకొండలో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, లోపలికి పంపేముందు నర్సు నన్ను బరువు చూసే మిషన్ ఎక్కించింది. చిన్నపిల్ల, చేతిలో సెల్‌ఫోన్, మెడలో గుర్తింపు కార్డు. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ తడబడి ఒకచోట నిలిచాయి. పోయినసారి చీటీ చూసి, "తగ్గిన్రు మేడమ్, మస్తు తగ్గిన్రు! వాకింగ్ చేస్తున్నరా?" అని మెచ్చుకోలుగా అడిగింది. తగ్గడం అనే మాటను నవ్వుతూ అనే మనుషులు మా ఇంట్లో ఎన్నడూ లేరు. ఇంత వయసొచ్చినా ఆ మాట చెవిన పడగానే ముందు భయమేస్తుంది, అది మంచిమాట అని తర్వాత గుర్తొస్తుంది. మా బాపు బతికుండి ఆ పక్కన నిలబడి ఉంటే ఆ పిల్లను అక్కడికక్కడే కడిగేసేవాడు. బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నంతసేపూ నాకు డాక్టరు ధ్యాస లేదు. మా పెరట్లోని పాదు, అందులోని నల్లటి మన్ను, ఆ మన్నులోంచి లేచి మా ఇల్లంతటినీ ఐదేళ్ళు ఆడించిన ఒక గుమ్మడితీగ, ఇవే కళ్ళముందు తిరిగాయి.

మాది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, దాని వెనుక ఇల్లు, ఇంటి వెనుక పెరడు. అమ్మ వంటింట్లో పోపు వేస్తే గల్లా దగ్గర బాపు తుమ్మేవాడు. బాపు దుకాణంలో మిరపకాయల బస్తా విప్పితే పొయ్యి దగ్గర అమ్మ తుమ్మేది. గోనెసంచుల వాసన, ఇంగువ వాసన, ఎండాకాలం మెత్తబడి కారే బెల్లం వాసన, నా చిన్నతనం అంతా వీటిలోనే నానింది. దుకాణం నడుమ దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద కాంటా ఉండేది, బస్తాలు జోకడానికి. చిల్లర సరుకుకు గల్లా పక్కన చిన్న తరాజు. బాపు ఆ తరాజు పట్టుకుంటే చూడాలి. ముల్లు నిటారుగా నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవాడు. నిలిచాక మాత్రం ఊరుకునేవాడు కాదు, వేళ్ళతో ఇంకో పిడికెడు తీసి పైన వేసేవాడు. అదే కొసరు. కొసరు లేకుండా ఆయన చేతిలోంచి ఉప్పు కూడా బయటికి పోలేదు. ఆయన గుణమంతా ఆ పిడికెట్లో ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నాకు ఐదో ఏడు నడుస్తుండగా టైఫాయిడ్ వచ్చింది. నాకు గుర్తున్నది తక్కువ, అమ్మ చెప్పగా తెలిసింది ఎక్కువ. దవాఖానలో పిల్లల వార్డు గుమ్మం దగ్గర ఒక తూకం మిషన్ ఉండేదట. వారం వారం నన్ను దానిమీద కూర్చోబెట్టేవారు. డాక్టర్లు జ్వరం గురించి, మందుల గురించి మాట్లాడేవారు. బాపు మాత్రం ఆ ముల్లొక్కటే చూసేవాడు. పుట్టినప్పటి నుంచీ తూకాల మధ్య బతికిన మనిషి, ముల్లు ఎటు పోతోందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రతివారం అది వెనక్కే పోయింది. "బిడ్డ కరుగుతాంది, నా బిడ్డ కరుగుతాంది" అని వరండాలో నిలబడి గట్టిగా ఏడ్చాడట. వరండాకు ఎదురుగా దవాఖాన ఆయమ్మ గుడిసె, గుడిసె కప్పు మీద గుమ్మడితీగ, తీగకు ఒక కాయ. లోపల బిడ్డ తగ్గుతోంది, బయట కాయ పెరుగుతోంది. రోజూ రెండూ చూసి చూసి, ఒకరోజు ఆ కాయ మీది నుంచి చూపు తీయకుండానే చేతులు జోడించి పాలకుర్తి గుట్టమీది స్వామికి మొక్కుకున్నాడు. బిడ్డ బతికితే బిడ్డ ఎత్తు గుమ్మడికాయ గుట్టకు తెస్తానని. ఒక్కటే కాయ. కొన్నది కాదు, తన చేతులతో పండించినది.

ఎత్తు ఇచ్చుకోవడం మా వైపు కొత్తేమీ కాదు. మొక్కిన మనిషిని తూకం ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో అంత బరువు బెల్లం పెట్టి దేవుడికి ఇస్తారు. బాపు మొక్కిన సంగతి విన్నరోజు అమ్మ తలపట్టుకుంది. "బెల్లం మొక్కితే అయిపోవు గదా! దుకాణంల బస్తాలకు బస్తాలు వడి ఉండె" అంది. బాపు తల అడ్డంగా ఊపాడు. "దుకాణంల ఉన్నది తీసిస్తే నేనేమిచ్చినట్టే? నాకు చేతగానిది ఇయ్యాలె." ఆ మాటలో అబద్ధం లేదు. ఆయనకు నిజంగానే చేతకాదు. ఏ పప్పు ఏ ధర పలుకుతుందో నిద్రలో అడిగినా చెప్పేవాడు గాని, ఏ పప్పు చెట్టుకు కాస్తుందో తీగకు కాస్తుందో అడిగితే అమ్మవైపు చూసేవాడు. అమ్మది పరకాల దగ్గర పల్లె, వాళ్ళింట్లో దుకాణమూ ఉండేది, మెట్ట చెలకలూ ఉండేవి. ఆమె సాయం చేయబోతే బాపు చెయ్యి అడ్డుపెట్టాడు. ఈ మొక్కులో ఇంకొకరి చెయ్యి పడకూడదని ఆయన పట్టు. నాకు జ్వరం దిగింది, ముల్లు మెల్లగా తిరుగుముఖం పట్టింది. ఇంటికొచ్చాక మిరుగు, అంటే మృగశిర కార్తె, చినుకులు పడే వేళకు బాపు గడ్డపార కొనుక్కొచ్చాడు.

మా పెరటి నేల నేలలాగా ఉండేది కాదు. ఇల్లు కట్టినప్పటి సున్నం, పెంకుముక్కలు, ఇటుకల పొడి అంతా అందులోనే కప్పెట్టారు. బాపు అరచేతులు పొక్కులెక్కాయి. రెండు రోజులు తరాజు పట్టుకోలేక, దుకాణంలో హమాలీ పని చేసే మల్లయ్య చేత జోకించాడు. ఎట్లాగో గొయ్యి తవ్వి, పాలాయన కొట్టం నుంచి అప్పుడే ఎత్తిన పచ్చి పెండ తెప్పించి నింపాడు. తాజా సరుకు మంచిదని ఆయన లెక్క. అమ్మ వెనుక గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అది ఇంకా పొగలు గక్కుతాంది. విత్తు మొలవదు, ఉడుకుతది" అంది. బాపు వినిపించుకోలేదు. నిజంగానే ఉడికింది. వారం తర్వాత వేలితో కెలికి చూస్తే గింజలు మెత్తగా నల్లబడి ఉన్నాయి. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "మరేం చెయ్యాలె?" అని అడిగాడు. అమ్మ అదే చాలన్నట్టు, "మీరు చెయ్యి వెట్టొద్దన్నరు గని, నోరు వెట్టొద్దనలేదు గదా" అంది. ఆనాటి నుంచి ఆ గడప ఆమె సింహాసనం అయింది. చాట ఒడిలో పెట్టుకుని, ఒక్క మట్టిబెడ్డ కూడా ముట్టకుండా, నోటితోనే ఆమె ఆ సేద్యం చేయించింది.

మన్ను తయారుచేయడం ఎండాకాలంలో మొదలయ్యేది. సున్నం నేలంతా నడుము లోతున తవ్వి పారేయించింది. ఊరి బయట ఎండిన చెరువులోంచి నల్లటి పూడికమన్ను ఎడ్లబండిలో వచ్చింది. దానిమీద మాగిన పెంట, మాగింది అంటే ఎట్లా తెలుస్తుందని బాపు అడిగితే అమ్మ చెప్పింది, "చేతిల వట్టుకుంటే పెండ వాసన రావొద్దు. మొదటి వాన వాసన రావాలె" అని. బాపు పిడికెడు పిడికెడు ముక్కుకు ఆనించుకుని చూసి మరీ వేసేవాడు. తర్వాత మేకల ఎరువు, దానిమీద పొయ్యిలోని కట్టెల బూడిద, ఎండుటాకులు, మళ్ళీ పూడికమన్ను. పెళ్ళిళ్ళు అయిన ఇళ్ళముందు పారేసిన అరటి బోదెలు మల్లయ్య భుజం మీద మా ఇంటికి చేరేవి. సాయంత్రం బజారు గుండా మేకలమంద పోతుంటే బాపు గల్లా వదిలేసి తట్టా పారా పట్టుకుని వెనుక నడిచేవాడు. "సేటుకు పిచ్చి లేసింది" అని ఎదుటి దుకాణాలవాళ్ళు నవ్వుకునేవారు. ఆయన సిగ్గుపడలేదు. నీళ్ళు చల్లి, తిరగేసి, గోనెపట్టాలు కప్పి, మిరుగు వచ్చేదాకా ఆ మన్నును అట్లా పడుకోబెట్టేవాడు.

ఇక పల్లీల సంగతి చెప్పాలి. నూనె గానుగ నుంచి పల్లి చెక్క తెచ్చి, ప్రహరీ పక్కన పాతకుండలో నీళ్ళుపోసి నానబెట్టేవాడు. అది పులిసి బుడగలు లేస్తుంటే వాసనకు అమ్మ ముక్కుకు కొంగు కట్టుకునేది, దుకాణానికి వచ్చినవాళ్ళు సరుకు చెప్పి రోడ్డు అవతల నిలబడేవారు. ఆ నీళ్ళను పలుచన చేసి తీగ మొదట్లో పోసేవాడు. సాయంత్రం నాకు పల్లీలు, బెల్లం. ఒకే బస్తాలోని గింజల్లో నూనె తీసినవి తీగకు, నూనె ఉన్నవి నాకు. నన్నూ తీగనూ ఒకేరకంగా మేపాడు. ప్రతి శుక్రవారం దుకాణం తీయగానే నన్ను ఆ పెద్ద కాంటా పళ్ళెంలో కాళ్ళు మడిచి కూర్చోమనేవాడు. రెండోవైపు ఇనుప బాట్లు ఒక్కొక్కటే పెట్టేవాడు. నేను పెరిగానని ముల్లు చెబితే ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ వెంటనే పెరటివైపు చూసి డీలాపడేవాడు. మొక్కినప్పుడు ఆయన ఆలోచించని సంగతి అదే. బతికిన బిడ్డ ఊరికే ఉండదు, పెరుగుతుంది. కాయ ఏటికేడు మళ్ళీ విత్తు నుంచి మొదలు కావాలి, నేను పోయినేడు ఆగినచోటి నుంచి మొదలవుతాను.

మొక్కు తీరకపోవడం మా ఇంట్లో ఊరికే ఉన్న మాట కాదు. నాకు కొంచెం ఒళ్ళు వెచ్చబడితే చాలు బాపు దుకాణం వదిలి లోపలికి వచ్చేవాడు. ఒకసారి మామూలు జలుబుకే నన్ను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయి, తిరిగొచ్చి చెప్పులు కూడా విడవకుండా పెరట్లోకి పోయి పాదు గుల్లచేస్తూ కూర్చున్నాడు. దేవుడు బిడ్డను ఇచ్చాడు గాని ఇంకా పూర్తిగా వదలలేదని ఆయన భయం. అమ్మ పైకి ఎన్ని పరాచికాలాడినా ఆ భయం ఆమెకూ ఉండేది. నా నుదురు మీద చెయ్యి పెట్టిన ప్రతిసారీ తీగ వైపు ఒక చూపు చూసేది.

మన్ను కుదిరిన ఏడాది తీగ బ్రహ్మాండంగా లేచింది. అప్పుడే యూరియా బస్తాలు బజారులోకి కొత్తగా వస్తున్నాయి. దాని గురించి రేడియోలో రైతుల కార్యక్రమం విని, చెప్పిన లెక్క ప్రకారం చెంచాతో కొలిచి మొదట్లో చల్లాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన చెయ్యి ఆగలేదు. అలవాటుగా బస్తాలోకి పోయి ఇంకో పిడికెడు తీసి పైన వేసింది. "ఇంత జేస్తాంది పాపం, దీనికి కొసరు వెయ్యద్దా?" అన్నాడట. మధ్యాహ్నానికి ఆకుల అంచులు గోధుమరంగుకు మారాయి, మూడో పూటకు తీగంతా నీళ్ళు చల్లినా లేవకుండా వేలబడిపోయింది. అమ్మ ఆరోజు నవ్వలేదు. "కొసరు మనుషులకేసుకోండ్రి. మన్నుకు ఎంత ఆకలుంటే అంతే వెట్టాలె" అని మాత్రం అంది. బాపు ఆ ఎండిన తీగను పీకేయకుండా చాలారోజులు అట్లాగే ఉంచాడు.

ఆ తర్వాతి ఏడు ఏ తప్పూ జరగలేదు. తీగ గోడెక్కింది, గోడ మీది నుంచి స్నానాలగది రేకుల మీదికి పాకింది. ఆకులు చాటలంత. పొద్దున్నే పసుపుపచ్చటి పూలతో పెరడు పెరడంతా వెలుగు. దిష్టి తగలకుండా బాపు పాత చెప్పు ఒకటి, సున్నం బొట్లు పెట్టిన కుండ ఒకటి కట్టాడు. "ఊరందరి దిష్టి తీసేదే గుమ్మడికాయ. దానికి మళ్ళ దిష్టా!" అని అమ్మ ముసిముసిగా నవ్వింది. "అది బూడిద గుమ్మడి. ఇది తియ్యగుమ్మడి" అని బాపు గంభీరంగా జవాబిచ్చాడు. పిందెకు వేలు చూపిస్తే రాలిపోతుందని మాకు నమ్మకం కాబట్టి, ఎవరైనా చూపించాలంటే వేలు మడిచి కణుపుతో చూపించాలి. మల్లయ్యకు ఈ భయం ఎంతంటే పెరట్లోకి వచ్చినప్పుడల్లా రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవాడు. ఇంత చేసినా పిందెలు నిలవలేదు. పువ్వు విప్పి, వాడి, దానికింది చిన్న పిందె పసుపుబారి, ముట్టుకుంటే రాలిపోయేది. రోజుకొకటి. బాపు ఇంకో రెండు చెప్పులు కట్టాడు. ఎవరి కన్ను పడిందో అని బజారులో ఒక్కొక్కరినీ అనుమానంగా చూశాడు.

అసలు సంగతి అమ్మకు బతుకమ్మ చివరిరోజు తట్టింది. గుమ్మడి ఆకూ గుమ్మడి పువ్వూ లేకుండా మాకు బతుకమ్మ లేదు. అడుగున ఆకు పరచాలి, పైన గౌరమ్మ పక్కన ఆ పువ్వు ఉండాలి. ఆ బజారులో తీగ ఉన్నది మా ఇంట్లోనే. రోజూ తెల్లవారగానే వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి, "వదినా, రెండు పువ్వులు తెంపుకుంటం" అనేవారు. అమ్మ గడపలోంచే, "పిందెలున్న పువ్వులు ముట్టకుండ్రి, ఉత్తవి తెంపుకోండ్రి" అని జాగ్రత్త చెప్పేది. వాళ్ళూ ఎంతో మర్యాదగా పిందెలున్నవి వదిలేసి మిగతావన్నీ తెంపుకుపోయేవారు. ఆరోజు బతుకమ్మ పేర్చుతూ చేతిలోని పువ్వును చూసి అమ్మ ఒక్కసారిగా నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పిందె లేని ఆ ఉత్త పూలన్నీ పోతుపూలు. వాటి పుప్పొడి తగిలితేనే పిందె నిలుస్తుంది. "మా ఊర్లె ఏ పెరట్ల చూసినా తీగలే, తేనెటీగలు ఏడికెళ్ళో ఒకకాడికెళ్ళి తెస్తుండె. గీ బజార్ల మన తీగ ఒక్కటే. పోతుపువ్వు ఒక్కటి మిగలకపాయె, పిందెలు ఎట్ల నిలవడతయి? ముండమొయ్య, నేనే చెప్పి తెంపించిన" అని తననే తిట్టుకుని, పగలబడి నవ్వింది. బాపుకు వివరించి చెప్పాల్సి వచ్చింది. సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు చెవులు ఎర్రబడ్డాయి.

అప్పటి నుంచి ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున మొట్టమొదటి పోతుపువ్వు తీగది, మిగతావి బతుకమ్మవి. బాపు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పోతుపువ్వు రేకులు మెల్లగా విడదీసి, నడిమి కాడను పిందె పువ్వు లోపల అద్దేవాడు. అద్దుతున్నంతసేపూ ఊపిరి పీల్చేవాడు కాదు, తరాజు పట్టుకున్నప్పటి లాగే. "సేటు పొద్దుగాల పొద్దుగాల పెండ్లిళ్ళు చేస్తాండు" అని వాడకట్టు ఆడవాళ్ళు గోడ అవతల నుంచి నవ్వేవారు. ఆ ఏడు ఆలస్యంగానైనా ఒక కాయ నిలబడింది. కోసి కాంటాలో పెట్టి, రెండోవైపు నన్ను కూర్చోబెడితే నేను దభీమని నేలకు దిగాను, కాయ దూలానికి ఎగిరింది. బాపు ముఖంలో దిగులు, దానివెంటనే పట్టలేని నవ్వు. "బిడ్డ మొగ్గిందిరో!" అని బజారంతా వినబడేట్టు అరిచాడు. ఓడిపోయి అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇంకో ఏడుకు తేడా బాగా తగ్గింది. ఒక్క కాయ ఉంచి మిగతా పిందెలన్నీ తుంచేయమని అమ్మ చెబితే, ఆయన కళ్ళు మూసుకుని తుంచాడు. కార్తీకం వచ్చింది, కాయ ముదిరింది, కాంటా ఎక్కించాం. ముల్లు నా వైపే ఒరిగింది గాని కొంచెమే. ఆ సమయానికి మా మేనత్త ఇంట్లో ఉంది. "గాజులు, పట్టీలు తీసెయ్ రా తమ్మీ. పొద్దున అన్నం వెట్టకుండ రేపు మళ్ళ జోకు. పిల్ల ఒక్కపూట ఉపాసముంటే సరిపాయె. మొక్కు తీరిపోతది" అంది. చెడ్డ సలహా కాదు, అందరూ చేసే పనే. అమ్మ కూడా బాపు వైపు ఆశగా చూసింది. ఇన్నేళ్ళ భయం ఒక్కపూటతో పోతుంది. బాపు నన్ను పళ్ళెంలోంచి దించాడు. తర్వాత, "అక్కా, తగ్గుతుంటే చూడలేకనే గదా నేను మొక్కింది. నా బిడ్డను నేనే తగ్గించి దేవుని ముందట పెట్టాల్నా?" అన్నాడు. లేచి దుకాణంలోకి పోయి, బెల్లం గడ్డ కొట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. కాయను ఆ రోజే కోసి వాడకట్టుకు పంచాం. నేను ఆ గడ్డ చప్పరిస్తూ ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. కాయకంటే నేను పెద్ద అన్న సంగతి నాకు ఆరోజు తెలిసింది.

చివరి ఏటి మన్నును ఎట్లా చెప్పాలో తెలియదు. ఏటా పోసినది ఏటా మాగి మాగి, ఆ పాదు నల్లగా, మెత్తగా, పొడిపొడిగా తయారైంది. చెయ్యి పెడితే మోచేతిదాకా దిగిపోయేది, లోపల వెచ్చగా ఉండేది. ఎర్రలు, అవే వానపాములు, చేతికి చుట్టుకునేవి. అమ్మ గడప మీంచి ఏ ఆజ్ఞా వేయకుండా ఊరికే చూస్తూ కూర్చునేది. ఆ ఏడు నిలిచిన పిందె నిమ్మకాయంత ఉన్నప్పుడు బాపు సూదిమొనతో దానిమీద చిన్న "శ్రీ" గీశాడు, కొత్త ఏడు లెక్క మొదలుపెడుతూ రాసినట్టు. కాయ పెరుగుతుంటే ఆ గీత మానిపోయి ఉబ్బెత్తుగా లేచి తనూ పెరిగింది. గోరంత అక్షరం నా అరచేయంత అయింది, తర్వాత బాపు అరచేయంత. పొద్దున లేవగానే నేను పరుగెత్తుకుపోయి దానిమీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. నిన్న నా వేళ్ళు అందిన చోటికి ఇవాళ అందేవి కావు. ఎవరూ ముట్టకుండా, చప్పుడు లేకుండా, మా కళ్ళముందే అది అంత కావడం చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. ఇప్పటికీ ఆ సంగతి చెబుతుంటే జలదరిస్తుంది. కింద గడ్డి పరిచాం, ఎండ తగలకుండా అమ్మ పాతచీర పందిరి వేయించింది. మల్లయ్య వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "సేటూ, ఇది కాయ కాదు" అన్నాడు. మరి ఏమిటో అతనూ చెప్పలేదు.

ఇంటి దగ్గర జోకవద్దని బాపు అన్నాడు. తేలేది గుట్ట దగ్గరే తేలనీ అని. కార్తీకంలో ఎడ్లబండి కట్టించి, గడ్డి మీద కాయను పడుకోబెట్టి, దూలం నుంచి పెద్ద కాంటా దించి బండిలో వేసుకుని పాలకుర్తి పోయాం. ఆరోజు దుకాణం దూలం బోసిగా ఉండడం నాకు వింతగా తోచింది. తెల్లారి బాపు నాకు కడుపునిండా పెరుగన్నం పెట్టించాడు, మీద అరటిపండు కూడా. గుట్ట కింద చింతకొమ్మకు కాంటా కట్టారు. మల్లయ్య, ఇంకో ఇద్దరు కలిసి కాయను పళ్ళెంలోకి దించారు. "ఎన్ని బస్తాలు మోసిన సేటూ, గింత భయంతోని ఏదీ మొయ్యలే" అన్నాడు మల్లయ్య చెమట తుడుచుకుంటూ. నేను రెండో పళ్ళెంలో కూర్చున్నాను. గాజులు, పట్టీలు అన్నీ ఒంటిమీదే ఉన్నాయి. బాపు పట్టుకున్న గొలుసు వదిలాడు. నేల నా కింది నుంచి జారిపోయింది. మెల్లగా, ఎవరో ఎత్తుకున్నట్టు పైకి లేచాను. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు, అమ్మ గొంతెత్తి దేవుడి పేరు పలికి ఏడ్చేసింది. నేను పైనుంచి బాపు ముఖం చూశాను. అందులో సంతోషం లేదు. ఆ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. గాలిలో వేలాడుతున్న నా కాళ్ళ వైపు చూస్తూ, అమ్మ వైపు తిరిగి, "పిల్ల చిక్కిపోయింది. దీనికి అన్నం వెడుతున్నవా లేదా?" అని కసిరాడు.

అందరూ పడీపడీ నవ్వారు. అమ్మ ఏడుపులోంచే నవ్వింది. "ఐదేండ్ల సంది కాయ మొగ్గాలని మీరే మొక్కితిరి, ఇప్పుడు మొగ్గితే నన్నంటరా?" అంది. బాపు వినలేదు. నన్ను పళ్ళెంలోంచి తీసి భుజం మీద వేసుకుని, అప్పటికి నేను ఎత్తుకునే వయసు దాటినా, గుట్ట మెట్లన్నీ అట్లాగే ఎక్కాడు. కాయను వెనుక మనుషులు మోసుకొచ్చారు. ఆయన వెనక్కి తిరిగి దాన్ని ఒక్కసారి కూడా చూసుకోలేదు. మధ్యాహ్నం గుట్టకు వచ్చినవాళ్ళందరికీ గుమ్మడికాయ పులుసు వండారు. గుండెలమీంచి బండ దిగినట్టు బాపు మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ రాత్రి నుంచి నాకు జలుబు చేస్తే ఇంట్లో శొంఠి కషాయం కాచారు, రిక్షా పిలవలేదు.

ఇప్పుడు ఆ పెరడు లేదు. గచ్చు చేశారు, దానిమీద గదులు లేచాయి. కూరగాయల బజారులో గుమ్మడికాయ ముక్కలుగా కోసి, పల్చటి ప్లాస్టిక్ చుట్టి పెడుతున్నారు, కాయ మొత్తం ఎంతుంటుందో చూడని పిల్లలున్నారు. మా కోడలు బాల్కనీ కుండీలకు మన్ను సంచుల్లో తెప్పిస్తుంది, శుభ్రంగా ఉంటుంది, ఏ వాసనా ఉండదు. తప్పుపట్టడం లేదు, ఆ కుండీల్లోనూ పూలు పూస్తున్నాయి. కాని ఆ మన్ను ముక్కుకు ఆనించుకున్నప్పుడల్లా నేను మొదటి వాన కోసం వెతుక్కుంటాను. తగ్గడం మంచిదైన కాలం ఇది. ఆ నర్సుకు ఏం తెలుసు, ఒక మనిషి ఐదేళ్ళు నేలను మేపి, బిడ్డను మేపి, ఇద్దరిలో ఎవరు గెలిచినా ఏడవాల్సిన పందెం ఒకటి ఆడాడని.

బాపు చివరి ఏడాది ఎక్కువగా మంచం మీదే గడిచింది. తిండి తగ్గింది, మనిషి తగ్గాడు. పొద్దున్నే రెండు చేతులూ కింద వేసి ఎత్తి, దిండుకు ఆనించి కూర్చోబెట్టేదాన్ని. మొదట్లో అమ్మ ఒకవైపు సాయం పట్టేది, తర్వాత ఆ అవసరం లేకపోయింది. ఒకరోజు అట్లా ఎత్తుతుంటే నా మెడచుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర సన్నగా అడిగాడు. "బిడ్డా, ఇప్పుడు జోకితే ఎవరు మొగ్గుతరే? నేనా, ఆ కాయనా?" నా చేతుల్లో ఉన్న బరువు నాకు తెలుసు. "నువ్వే బాపు. నీ ముందట ఆ కాయ ఎంత!" అన్నాను. ఆయన ముల్లును చూసినట్టు నా ముఖం కేసి కాసేపు చూశాడు, ఊపిరి బిగబట్టి. తర్వాత ఆ పలచటి ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"కొసరేసి చెప్తున్నవ్ బిడ్డా" అన్నాడు.